మీడియం రకం సూర్యుడు

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాశానని తెలిస్తే, పోయిన మనిషైనా సరే, నా పేరుతో నీకేం పని అని అడుగుతుంది.

మొన్న ఆదివారం పొద్దున సత్తెనపల్లిలో మా ఇంటి గేటు ముందు ఒకామె వచ్చి నిలబడింది. నలభై అయిదేళ్ళుంటాయి. పురుగుమందుల కొట్టువాళ్ళు ఇచ్చే ప్లాస్టిక్ కవరు ఒకటి గుండెకు ఆనించి పట్టుకుంది. ఫలానా ఊళ్ళో హైస్కూల్లో సైన్సు చెప్పిన మాస్టారు మీరేనా అని అడిగింది. అవునన్నాను. ఆ బడి పక్కన ఏముండేదో చెప్పమంది. మిరప కల్లం ఉండేదన్నాను. అప్పుడు గాని చెప్పులు విప్పలేదు. మంచినీళ్ళిస్తే గ్లాసు వెలుగుకేసి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుని తాగింది. ఆ గ్లాసు ఎత్తడం చూడగానే ఎవరి కూతురో నాకు తెలిసిపోయింది.

"అమ్మ పోయిందండి, పోయిన నెల్లో. మీకొకటి చూపియ్యమని చెప్పి పోయింది," అంది.

ఇటివ్వమని చెయ్యి చాపాను. ఆమె కవరును ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

"ఇయ్యమన్లేదండి. చూపియ్యమంది."

అచ్చం తల్లే. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. ఆ ఊళ్ళో ఉన్న పదకొండేళ్ళూ నన్ను అనుమానించిన మనిషి, పోయాక కూడా నన్ను వదల్లేదన్నమాట. కూతుర్ని కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. వరండా మెట్టు మీద, కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ కవరు విప్పే ముందు తల్లి సంగతి చెప్పాలి.

బడి ప్రహరీకి అవతల రెండెకరాల కల్లం. మాఘమాసం వచ్చిందంటే నేల కనపడకుండా కాయ పరుస్తారు. బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతుంటే వెనక పిల్లలు తుమ్ముతూ ఉండేవాళ్ళు. ఎండిన కాయను ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఏరతారు. మంచి రంగు కాయ నంబర్ వన్, అది ఒక కుప్ప. రంగు కొంచెం తగ్గినది మీడియం, అది ఇంకో కుప్ప. రంగు పోయి తెల్లబడ్డది తాలు, దాని కుప్ప దూరంగా. ఇవి సరిగ్గా పడితేనే గుంటూరు మిర్చి యార్డులో కొనేవాళ్ళు ఆ రైతు మొహం చూసేది. అందరూ ఏరినదాన్ని మళ్ళీ ఒకసారి ఏరే స్థానం వరస చివర ఉండేది. ఆ స్థానం ఆమెది. ఆమె కోసం రైతులు వంతులు వేసుకునేవాళ్ళు.

ఆమె ఏరడం నేను తరగతి కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో. కాయను తొడిమ పట్టుకుని ఎత్తేది. ఎడమ కన్ను మూసేది. ఎండకు అడ్డంగా పెట్టి ఒకసారి తిప్పి దించేది. మళ్ళీ ఎత్తి ఇంకోసారి తిప్పేది. చెవి దగ్గర ఆడించి లోపలి గింజల చప్పుడు వినేది. ఆ తర్వాత చూడకుండానే విసిరేది. అది వెళ్ళి పడవలసిన కుప్పలోనే పడేది. కొత్తగా పనిలోకొచ్చిన ఆడపిల్లలు తొందరపడి పక్కకు తోసేస్తుంటే ఊరుకునేది కాదు. ఒక్క చూపుకే దేన్నీ తాలు అనమాకండి, రెండో చూపు చూడండి అని కేకలేసేది.

మిరపకాయకు రెండు చూపులు సరిపోయేవి. మనుషులకు సరిపోయేవి కావు. బాగున్నావా అమ్మా అంటే, ఎందుకడుగుతున్నారు అనేది. బడి కుళాయి దగ్గరకు బిందె తెచ్చి, ముందు మా అటెండరు రెండు గుక్కలు తాగితే గాని పట్టుకునేది కాదు. ఎడమ కంటికి ఎప్పటినుంచో పొర. ఉచిత కంటి శిబిరం జీపు ఊళ్ళోకి వస్తే తలుపేసుకునేది. ఊరికే కన్ను బాగుచేసేవాళ్ళు ఎవరుంటారు, మనకు కొత్తది పెట్టి పాతది పట్టుకెళ్ళి ఏం చేసుకుంటున్నారో ఎవరు చూశారు అని ఆమె వాదం. కుడి కన్ను ఉంది గదా, అది చాలు అనేది. నిజంగానే చాలేది. ఆ ఒక్క కన్నుతో ఊరందరి కాయనీ నిలబెట్టింది.

నేను బదిలీ మీద ఆ ఊరు వచ్చిన రోజే ప్రహరీ మీదుగా నన్ను పైనుంచి కిందిదాకా చూసి, అక్కడ ఏం చేస్తే ఇక్కడికి పంపిచ్చారు అని అడిగింది. పిల్లలందరూ విన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

నిజం చెప్పాలంటే నేనూ తక్కువవాణ్ణి కాదు. ల్యాబు బీరువా తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాణ్ణి. సుద్దముక్కలు లెక్కపెట్టి ఇచ్చి, సాయంత్రం అరిగిన ముక్కలు లెక్కపెట్టి తీసుకునేవాణ్ణి. గోడకు అటు ఆమె, ఇటు నేను. ఒకరినొకరం కనిపెట్టుకుని ఉండేవాళ్ళం.

ఒక రోజు ఎనిమిదో తరగతికి నక్షత్రాల పాఠం చెబుతున్నాను. సూర్యుడు కూడా ఒక నక్షత్రమే, దగ్గరగా ఉంది గనక అంత కనిపిస్తుంది, దూరంగా వెళ్ళి చూస్తే అదీ ఒక చుక్కే అన్నాను. నక్షత్రాల్లో నీలంగా ఉండేవి అన్నిటికన్నా వేడి, సూర్యుడికి అయిదారు రెట్లు. తర్వాత తెల్లనివి, తర్వాత పసుపు, నారింజ. ఎర్రగా ఉండేవి అన్నిటికన్నా చల్లన, సూర్యుడి వేడిలో సగం ఉంటే ఎక్కువ. ఇంతవరకూ చెప్పానో లేదో, కిటికీ అవతలనుంచి గొంతు వచ్చింది.

"ఎరుపు చల్లనా? ఎవరు ముట్టుకుని చూశారు మాస్టారా?"

పిల్లలు గొల్లుమన్నారు. మిరపకాయల ఊళ్ళో ఎరుపు చల్లన అంటే నవ్వక ఏం చేస్తారు. నేను కిటికీ దగ్గరకు వెళ్ళి కమ్మరి కొలిమి సంగతి చెప్పాను. ఇనుము ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాలిస్తే పసుపు, ఇంకా కాలిస్తే తెల్లన. ఎర్రగా ఉన్నప్పుడే అది తక్కువ వేడి. ఆమె చేతిలో కాయ ఆపి ఆలోచించింది. బ్యాడిగి కాయ అంత ఎర్రన ఇంకోటి ఉండదు, కొరికితే మంట మాత్రం ఉండదు, తేజ కాయ ఎరుపు దానికన్నా తక్కువ, తింటే ప్రాణం పోతుంది అంది. మీరు చెప్పింది నిజమైతే కావచ్చు అని కూడా అంది. పదకొండేళ్ళలో ఆమె నోట్లోంచి నా గురించి వచ్చిన మంచి మాట అదొక్కటే.

సూరీడు ఏ కుప్పలో పడతాడు అని అడిగింది తర్వాత. మీడియం అన్నాను. మొహం ముడుచుకుంది. ఎవరు ఏరారు అంది. వందేళ్ళకు పైనే అయింది, దూరదేశంలో ఒక గదిలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఆకాశాన్ని ఫొటో తీసిన గాజు పలకలు ఇచ్చి, భూతద్దాలతో నక్షత్రాలను రకాలవారీగా ఏరించారు, లక్షల్లో ఏరారు అని చెప్పాను. ఆ మాటకు ఆమె గోడ దగ్గరకే వచ్చేసింది. రోజుకి ఎంతసేపు ఏరేవాళ్ళు, వెలుగు ఎటునుంచి వచ్చేది, చివర్లో మళ్ళీ ఏరడానికి ఒక మనిషి ఉండేదా అని వరసగా అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. అప్పుడు ఇంకొకటి అడిగింది.

"వాళ్ళ కళ్ళు ఏమయినయ్యో రాశారా?"

పుస్తకంలో లేదన్నాను. అది రాయరులే అని వెళ్ళి తన పీట మీద కూర్చుంది.

అక్కడితో అయిపోలేదు. నాలుగు రోజుల తర్వాత నేను సైకిలు స్టాండు వేస్తుంటే గోడ మీదుగా పలకరించింది. చిన్న ఎర్ర నక్షత్రాలే ఎక్కువన్నారు గదా, నూటికి ఎన్ని అంది. డెబ్బై పైనే, అవి మరీ మసక గనక మామూలు కంటికి ఒక్కటీ ఆనదు అన్నాను. నూటికి డెబ్బై సూరీడికన్నా చిన్నయ్యీ మసకయ్యీ అయితే సూరీడు మీడియం ఎట్టా అవుద్ది, పై కుప్ప గదా అంది. మీరు పెద్ద పెద్ద నీలం చుక్కల్ని చూసి దాన్ని తక్కువ చేస్తున్నారు, కుప్పంతా చూడకుండా రకం కట్టకూడదు అంది.

ఇంటికెళ్ళి పుస్తకం తీశాను. నూటికి తొంభై నక్షత్రాలకన్నా సూర్యుడే పెద్దది, వెలుగూ ఎక్కువ. మధ్యరకం అన్న మాట పాఠంలో ఉంది గనక పాతికేళ్ళుగా అదే వల్లించాను. ఆమె చెప్పింది కరెక్టేనని ఆమెకు చెప్పాలి గదా. చెప్పలేదు. ఆమెకు ఇది ఎవరో చదువుకున్నవాళ్ళు చెప్పి ఉంటారు, నన్ను పిల్లల ముందు చిన్నబుచ్చడానికి వచ్చింది అనుకున్నాను. మరుసటి ఏడు పిల్లలకు కూడా మీడియం అనే చెప్పాను. అది ఆమె కిటికీ దగ్గర విని, మీడియం అంటే మంట తక్కువ అనుకుంటున్నారేమో, రంగు తక్కువ అంతే, కంట్లో పడితే ఏ కుప్ప కాయైనా ఒకటే అని గొణుక్కుంటూ పోయింది.

ఆ తర్వాత రెండేళ్ళకు, ధనుర్మాసం చలిలో, పొద్దున్నే సూర్యగ్రహణం పట్టింది. పాక్షికం. పిల్లలకు చూపించాలని గుంటూరునుంచి నలభై అట్ట కళ్ళద్దాలు తెప్పించాను, అద్దం బదులు నల్లటి ఫిల్ము ఉండేవి. రెండు రోజుల ముందే వచ్చాయి. పిల్లలు ఎత్తుకుపోతారని నాకు భయం. అటెండరు మీద ఒక అనుమానం, గోడ అవతల మనిషి మీద ఒక అనుమానం. అందుకని పదేసి చొప్పున నాలుగు దొంతులు పెట్టి, గోతాలు కుట్టే దబ్బనంతో అట్టల్లోంచి పురికొస దూర్చి, మిరప టిక్కీ బస్తా మూతి కుట్టినట్టు కుట్టేశాను. ఒక్కటి తీయాలన్నా పురికొస కోయాల్సిందే. కోస్తే నాకు తెలిసిపోతుంది. ఆ ఉపాయానికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

గ్రహణం రోజు తెల్లవారాక పురికొసలు కోసి నలభై కళ్ళద్దాలూ ఒక గంపలో వేసి వరండా చివర పెట్టాను. తల్లిదండ్రులు పిల్లల్ని బయటికి పంపడం లేదని ఇల్లిల్లూ తిరగడానికి వెళ్ళాను. ఊళ్ళో పొయ్యి వెలగలేదు, పనులు లేవు. కల్లంలో ఆరబోసిన పత్తి దగ్గర ఆమె ఒక్కతే ఉంది. గ్రహణం పట్టేది సూరీడికి, నాకు కాదు అందట ఎవరో లోపలికి పొమ్మంటే.

పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆమె మా గంప ముందు కూర్చుని ఉంది. ఒక్కో కళ్ళద్దం తీయడం, ఎడమ కన్ను మూసి కుడి కంటికి ఆనించడం, అప్పుడే పైకొచ్చిన సూర్యుడి వైపు తిప్పడం, దించడం, మళ్ళీ ఎత్తడం. నేను గట్టిగా అరిచాను. ఆమె ఉలిక్కిపడలేదు. చేతిలోది గంపలో వేసి, చీర కొంగుతో కుడి కన్ను తుడుచుకుంది. గంపలోవి లెక్కపెట్టాను. ముప్పై. ఆమె ఒళ్ళో పది.

"ఈ పదీ తాలు మాస్టారా. పిల్లలకి ఇయ్యమాకండి," అంది.

ఏమైంది వాటికి అన్నాను. బెజ్జాలున్నయ్యి అంది. ఒకటి లాక్కుని చూశాను. వరండా నీడలో ఒక్క చూపు చూశాను. నల్లగా, నున్నగా, శుభ్రంగా ఉంది. ఏ బెజ్జమూ లేదన్నాను. నీడలో కనపడదు, ఎండకు పట్టండి అంది. చుట్టూ పిల్లలు. ఎండకు పట్టడానికి నాకు అరక్షణం చాలు. పట్టలేదు. సైన్సు నువ్వు నాకు చెబుతావా అన్నాను. సరిగ్గా పది, సరిగ్గా ఒక దొంతి. మనవళ్ళకో చుట్టాలకో నొక్కేయడానికే ఈ నాటకమని నాకు అనుమానం కూడా కాదు, నమ్మకమే కలిగింది. మర్యాదగా ఇచ్చెయ్యమన్నాను. ఆమె నా చేతిలోది కూడా తీసుకుని, పదీ కొంగులో మూటగట్టుకుని లేచింది.

"చెడ్డది ఏరి పక్కన పెట్టాక మళ్ళీ కుప్పలో కలపను. ఎవరు చెప్పినా కలపను," అని వెళ్ళిపోయింది.

హెడ్మాస్టరుగారికి చెప్పాను. ఆయన గోడ దగ్గరకు వెళ్ళి, ఇక బడి ఆవరణలో కాలు పెడితే ఊరుకోనని అందరూ వినేలా అరిచారు. పిల్లలు ముప్పై కళ్ళద్దాలు వంతులవారీగా పెట్టుకుని గ్రహణం చూశారు, కొరికిన అప్పచ్చిలా ఉంది అని సంబరపడ్డారు. ఒక్కరి కన్నుకూ ఏమీ కాలేదు. ఆ మాట వారం రోజులు ఊరంతా చెప్పుకున్నాను.

అప్పటినుంచి ఆమె నన్ను ఎదురుగా చూడడం మానేసింది. ఎక్కడ కనపడినా మొహం పక్కకు తిప్పి, గడ్డం భుజం మీదికి తెచ్చి, ఓరగా చూసేది. దొంగతనం పట్టుకున్నాను గదా, ఆ కోపం అనుకున్నాను. కొన్నాళ్ళకు అందరినీ అలాగే చూస్తోందని విన్నాను. అనుమానం ముదిరింది అనుకున్నాం. పిల్లలు ఆ చూపును అనుకరించి నవ్వుకునేవాళ్ళు. నేను వద్దనలేదు.

ఆ ఏడు కాయ వచ్చింది. కిటికీలోంచి చూస్తే వరస చివర ఇంకెవరో కూర్చుని ఉన్నారు. అంతకు ముందు ఆమె ఏరిన నంబర్ వన్ బస్తాలో తాలు కలిసిందని యార్డులో రైతుల మొహాన కొట్టారట. ఒకసారి కాదు, మూడుసార్లు. అంతటి మనిషి పొరపాటు చేయదు, యార్డులో కొనే కొట్లవాళ్ళ దగ్గర ఏదో పుచ్చుకుని కావాలనే కలుపుతోంది అని ఊరు అనుమానించింది. ఒకాయన నన్నడిగాడు, మీకేమనిపిస్తుంది మాస్టారూ అని. బళ్ళో పది కళ్ళద్దాలు పట్టుకుపోయిన మనిషేగా అన్నాను. నేనన్నది ఆ ఒక్క మాటే. ఊళ్ళో నా మాటకు విలువ ఉండేది.

ఆమె తొడిమలు తీసేవాళ్ళలో చేరింది. ఆ పనికి కన్ను అక్కర్లేదు, వేళ్ళు చాలు. తన మీద వచ్చిన మాటకు ఎవరితోనూ పోట్లాడలేదు. అది కూడా నాకు తప్పు ఒప్పుకున్నట్టే అనిపించింది. ఆ వేసవిలో కంటి శిబిరం జీపు వస్తే తనంతట తనే వెళ్ళి ఎక్కింది. ఎడమ కన్ను పొర తీయించుకుని నల్లద్దాలతో దిగింది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. చూశారా, ఇన్నేళ్ళు కిటికీలోంచి నా పాఠాలు విన్నది ఊరికే పోలేదు అని స్టాఫ్ రూములో నేను గొప్ప చెప్పుకున్నాను.

నేను రిటైరైన రోజు దండలు వేయించుకుని బయటికి వస్తుంటే గేటు అవతల నిలబడి ఉంది. ఆవరణలో కాలు పెట్టలేదు. మొహం పక్కకు తిప్పి, మిగతా ముప్పై ఏం చేశారు అని అడిగింది. నరసరావుపేట దగ్గర ఒక బడికి పంపానన్నాను. వాటికి భయంలేదులెండి, చూశాను గదా అంది. ఇన్నేళ్ళయినా ఎంత పొగరు అనుకుని కారెక్కాను. ఆమెను చూడడం అదే ఆఖరు.

ఇప్పుడు కూతురు మెట్టు మీద కూర్చుని కవరు విప్పింది. పాత చీరగుడ్డలో చుట్టిన పది అట్ట కళ్ళద్దాలు. అట్టలు మాసి మెత్తబడ్డాయి.

"రెండుసార్లు చూడమంది. ఎండకు పట్టి చూడమంది," అంది. కంటికి మాత్రం పెట్టుకోవద్దందని కూడా చెప్పింది.

వరండా గచ్చు మీద తొమ్మిది గంటల ఎండ పడుతోంది. ఒకటి ఆమే పట్టుకుని ఎండలో చాపింది. గచ్చు మీద కళ్ళద్దాల నీడ పడింది. ఆ నల్లటి నీడలో, ఒక మూల, ఆవగింజంత వెలుగు చుక్క. ఇంకొకటి పట్టింది. అదే మూల, అదే చుక్క. పదీ చూపించి, మళ్ళీ మొదటినుంచి పదీ చూపించింది. పదింట్లోనూ ఒకటే చోటు. కత్తితో గీసినా, రాపిడికి అరిగినా అలా ఒకే చోట పడవు. ఒకదాని మీద ఒకటి పేర్చి గుచ్చితేనే పడతాయి. మూడు దొంతుల్లో అట్టలోనే దిగిన దబ్బనం నాలుగో దొంతిలో, మడిచిన చెవికాడల వెనకనున్న ఫిల్ములోకి దిగింది. కుట్టింది నేను. దొంగలు పడతారని కుట్టింది నేను.

దూరంగా చూస్తే సూర్యుడూ ఒక చుక్కే అని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆ చుక్క నా గచ్చు మీద ఉంది. దాన్ని ఆ పది బెజ్జాల్లోంచి ఒక్కోదానికి రెండేసి చూపులు, తనకున్న ఒక్క కన్నుతో చూసింది. ఒక్క చూపుతో ఊరుకున్నా కొంత మిగిలేదేమో. దేన్నీ ఒక్క చూపుకే తాలు అనని మనిషి.

కుడి కన్ను ఏమైంది అని అడిగాను. అడగకుండానే తెలిసిపోయింది, అయినా అడిగాను. ఆ రోజు సాయంత్రానికే కంటి మధ్యలో బొట్టంత నల్లమచ్చ నిలిచిందట. దేని మీద చూపు పెడితే అది మాయం. మచ్చ చుట్టుపక్కలే కనపడేది గనక మనిషిని చూడాలంటే మొహం పక్కకు తిప్పాలి. వారంలో పోతుందనుకుంది, పోలేదు. శిబిరంలో డాక్టరు ఎడమ కన్ను పొర తీసి, కుడి కన్ను లోపల కాలింది, ఇక రాదు, సూర్యుణ్ణి చూశావా అని అడిగాడట. రోజూ చూస్తాను, నా పనే అది అని చెప్పిందట. పొర తీసిన కన్ను కూడా రంగుల తేడా మునుపటి కుడి కన్నులా పట్టలేదు.

నాకెందుకు చెప్పలేదు, ఊరికైనా ఎందుకు చెప్పలేదు, అంతంత మాటలు ఎందుకు పడింది అన్నాను.

"నేనూ అడిగానండి," అంది కూతురు. "దొంగదంటే ఎప్పటికైనా మళ్ళీ పిలుస్తారే, గుడ్డిదంటే పిలవరు అంది. మీకు చెబుదామంటే, ఒకసారి చెప్పాగా, ఆయన చూడలేదుగా అంది."

కూతురు కవరు అడుగునుంచి చిన్న కత్తెర తీసింది. మాస్టారు చూశాక ఆయన ఎదురుగానే ముక్కలు చెయ్యి, ఆయన చేతికి మాత్రం ఇవ్వకు, దాచి మళ్ళీ ఏ పిల్లలకో ఇస్తాడు అని తల్లి చెప్పిందట. ఒక్కోటి తీసి నల్ల ఫిల్ము మధ్యకు అడ్డంగా కోసి ముక్కలు కవర్లో వేసింది. అలా తొమ్మిదీ అయ్యాయి.

"ఆ చివరిది ఉంచమ్మా," అన్నాను. "ఎవరికీ ఇవ్వను. నా దగ్గర పెట్టుకుంటాను."

ఆమె కత్తెర ఆపి నన్ను చూసింది. తల దించింది. మళ్ళీ ఎత్తి ఇంకోసారి చూసింది. తర్వాత పదోది కూడా కోసేసింది.